ఆదివారాలు లేని పేజీలు

కేసులో మాఫీ ఒక్కడికే అన్నారు. ఒక్కడికే! రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు దానికోసం ముగ్గురం నిలబడ్డాం, ఒకరికి తెలియకుండా ఒకరం. మా పెద్ద ఇంజినీరు శ్రీహరిరావు గారు, కాంట్రాక్టరు గుండయ్య, నేను. నాలుగోవాడు రాజన్న మాత్రం ఆ దిక్కుకే రాలేదు.

నా పేరు డానియేలు. యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో పుట్టాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. వాననీటి నాలాల డివిజన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. నాలాలో పూడిక తీస్తుంటే గట్టు మీద నిలబడి, ఏ రోజు ఎన్ని టిప్పర్ల మట్టి పోయిందో కొలతల పుస్తకంలో రాయడం నా పని. ఆ పుస్తకంలో రాస్తేనే పని జరిగినట్టు, కాంట్రాక్టరుకు బిల్లు వచ్చినట్టు. గౌలిపురా రాజన్నదీ అదే ఉద్యోగం. నాకంటే మూడేళ్లు పెద్ద. ఇరవై ఆరేళ్లు ఒకే బండి మీద తిరిగాం. నాలుగేళ్ల కింద నా భార్య మున్నీ పోయాక, రాజన్న భార్య ఆగమ్మ రోజూ రెండు డబ్బాలు కట్టి పంపేది. ఒకటి మొగుడికి, ఒకటి నాకు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మున్నీ పోయిన పదకొండో రోజు నుంచి డబ్బా వచ్చింది, అంతే.

రెండేళ్ల కింద పూడిక తీయకుండానే తీసినట్టు రాయమన్నారు. మంత్రి మాట శ్రీహరిరావు నోట్లోంచి వచ్చింది.

"ఏవయ్యా, మీరిద్దరూ ఒక పూట కూర్చుంటే అయిపోయే పనికి ఇంత ఆలోచన దేనికి? పైనుంచి చెప్పారు. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

రెండు నెలల పనిని ఒక్క పూటలో, ఫ్యాను కింద కూర్చుని రాసేశాం. మొదటి నెల రాజన్న, రెండో నెల నేను. ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలూ ఉంటాయి. రాత చూసి ఎవరిదో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ అంకెలు వేయడం నాకు నేర్పింది రాజన్నే.

నేను రాస్తుంటే ఆయన పక్కనుంచి తొంగిచూసి పకపకా నవ్వాడు.

"ఏందిరా డానీ, ఆదివారాలు ఇడిశిపెడ్తున్నవ్? దొంగ పనికి గూడ ఆదివారం సెలవారా నీకు?"

నిజమే. ఆయన పేజీల్లో ఏడు రోజులూ పని నడిచింది. నా పేజీల్లో ఒక్క ఆదివారం లేదు. ఆదివారం పని చేస్తే మా అమ్మ ఈపు చిట్లగొట్టేది. ఆ భయం చేతిలో ఉండిపోయినట్టుంది. లేని మట్టిని మోసే లేని టిప్పర్లకు కూడా ఆదివారం సెలవిచ్చాను. అబ్బో, ఏం భక్తి నాది!

మరుసటి వానకు నాలా పొంగి బస్తీలోకి వచ్చింది. మా ఇంట్లో మోకాళ్ల దాకా నీళ్లు. నేను తీయించినట్టు రాసిన పూడికంతా నా మంచం కిందికే వచ్చింది. జనం లొల్లి చేశారు, కేసయింది, మంత్రితో సహా అందరం ముద్దాయిలమయ్యాం. రాజన్నా నేనూ నలభై రోజులు చంచల్‌గూడ జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చాం. వచ్చిన రోజే ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసుకుని మాట ఇచ్చిపుచ్చుకున్నాం.

"పోతే ఇద్దరం పోదం డానీ. ఫికర్ చెయ్యకు. జైలుకు గూడ మీ వదినె డబ్బలు పంపుతది. పక్కపక్కన కూసొని తిందం," అన్నాడు రాజన్న.

"అట్లనే అన్నా," అన్నాను.

అన్నాను కానీ, ఆ నలభై రోజుల్లో నేను ఒక్క రాత్రి కూడా కన్ను మూయలేదన్న సంగతి చెప్పలేదు. మళ్లీ లోపలికి పోవడం నా వల్ల కాదనుకున్నాను. వారం తిరక్కుండా రాజన్నకు చెప్పకుండా నా వకీలు రఘురామ్ దగ్గరికి పోయాను.

"అప్రూవర్‌గా, అంటే పోలీసుల తరఫు సాక్షిగా మారండి. ఉన్నదున్నట్టు చెబితే మాఫీ ఇస్తారు. కానీ గుర్తుపెట్టుకోండి, ఒక్క అబద్ధం బయటపడిందా, మాఫీ పోతుంది, మళ్లీ ముద్దాయే," అన్నాడు ఆయన.

పోలీసులు పెద్ద ఇంజినీరును వద్దన్నారు, కాంట్రాక్టరునూ వద్దన్నారు. పుస్తకం రాసిన చిన్నవాడు కావాలన్నారు. నన్ను తీసుకున్నారు. శ్రీహరిరావు ఫోన్ చేసి, "నాకు రావాల్సింది కొట్టేశావు కదయ్యా!" అని నన్నే తిట్టాడు, నేనేదో బస్సులో ఆయన సీట్లో కూర్చున్నట్టు.

వాంగ్మూలం తీసుకునే రోజు డీఎస్పీ పుస్తకంలో ఒక పేజీ తీసి నా ముందు పెట్టాడు.

"తారీఖు చూడు. మొహర్రం పదో రోజు. బీబీ కా ఆలం పీరు ఏనుగు మీద ఊరేగుతుంటే యాకుత్‌పురాల సైకిల్ గూడ కదలది. ఆ రోజు ఇరవై రెండు టిప్పర్లు పోయినయంట! బందోబస్తు కాగితాలు తెప్పించినం. ఎవ్వడు తప్పించుకున్నా ఈ పేజీ రాసినోడు తప్పించుకోలేడు. ఎవడు వాడు?"

అది రెండో నెల పేజీ. నాది. ఆ ఏనుగును చూడ్డానికి చిన్నప్పుడు గోడలెక్కి మోకాళ్లు పగలగొట్టుకున్నవాణ్ణి, ఆదివారాలు తప్పించే ధ్యాసలో పడి మొహర్రం మరిచిపోయాను. బయటి ఊరివాడెవడైనా రాస్తే సరే అనుకోవచ్చు. నాకేం రోగం?

"రాజన్న, సార్. రెండో నెలంతా ఆయనే రాసిండు. మొదటి నెల నాది," అన్నాను.

నోరు జారింది అని నాకు నేను చెప్పుకుంటాను. జారలేదు. ఆలోచించే అన్నాను. పుస్తకం పక్కన క్యాలెండరు పెట్టి చూస్తే, ఆదివారాలు లేని నెల ఎవరిదో చర్చికి పోయే ఎవరైనా చెప్పేస్తారు. డీఎస్పీ చూడలేదు.

నేను ఎవరి పేరు చెప్పానో సాయంత్రానికే రాజన్నకు తెలిసిపోయింది. మర్నాటి నుంచి డబ్బా రాలేదు. ఆఖరి రోజుది నా దగ్గరే ఉండిపోయింది, కడిగి గూట్లో పెట్టాను. ఎనిమిది నెలలు అది గూట్లో, నేను మంచం మీద. సస్పెన్షన్ కదా, పోయేందుకు ఆఫీసు లేదు. చర్చిలో నేను కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చోరు. ఒకరోజు ఊరి ఆ చివర బార్కస్ దాకా బస్సులో పోయి, అక్కడ ఎవరూ నన్ను గుర్తుపట్టరని ఒక గంట చాయ్ హోటల్లో కూర్చున్నాను. నిజంగానే గుర్తుపట్టలేదు. అది ఇంకా పాడుగా అనిపించి లేచి వచ్చేశాను. ఒంటి గంటయితే మాత్రం ఆకలి కంటే ముందు చెవులు వీధి వైపు పోయేవి. నాకు రాజన్న కావాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ముంచినవాణ్ణి నేనే, బెంగ పెట్టుకున్నవాణ్ణీ నేనే.

కోర్టులో సాక్ష్యం మూడు రోజులు నడిచింది. మంత్రి వకీలు, ఇంజినీరు వకీలు నన్ను పిండి ఆరేశారు. తట్టుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం రాజన్న వకీలు లేచాడు. ఆయన చేతిలో అదే పుస్తకం, అదే పేజీ.

"రెండో నెల పేజీలు నా క్లయింటు రాశారని ప్రమాణం చేసి చెబుతున్నారా?" అన్నాడు.

"చెప్తున్న సార్."

అప్పుడు రాజన్న ముద్దాయిల బల్ల దగ్గర లేచి నిలబడి, వకీలును చేత్తో పిలిచాడు. ఒక్క మాట చాలు. ఆదివారాలు చూడమంటే చాలు, నేను ఈ బోనులోంచి ఆ బల్ల దగ్గరికి పోతాను. రాజన్న వకీలు చెవిలో ఏదో చెప్పాడు. వకీలు విసుగ్గా ఏదో అడిగాడు. రాజన్న తల అడ్డంగా ఊపాడు. వకీలు తిరిగి వచ్చి పుస్తకం మూసేశాడు.

"ఇంకేం ప్రశ్నలు లేవు సార్."

బయటికి రాగానే రఘురామ్ నా భుజం తట్టాడు. "గండం గడిచింది. ఇక మీ మాఫీకి ఢోకా లేదు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నా అన్న నన్ను కాపాడాడు అనుకున్నాను. ఇరవై ఆరేళ్ల స్నేహం ఎక్కడికి పోతుంది అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే గూట్లోంచి డబ్బా తీసి, ఖాళీగా ఇవ్వకూడదని నిండా చక్కెర పోసి, గౌలిపురాకు నడిచి పోయాను.

రాజన్న అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మని కూడా అనలేదు.

"అన్నా, నిన్న ఎందుకు చెప్పలే? ఒక్క మాట చెప్తే నువ్వు..."

"నేనేం తప్పించుకుంట? నాయి గూడ దొంగ పేజీలే గదరా. నెల మారినంత మాత్రాన శిక్ష తగ్గుతదా?" పేపరు మడిచాడు. "చెప్తే ఏమయితుండె? నిన్ను గుంజుకొచ్చి నా పక్కన నిలవెడ్తుండిరి. రేపు లోపట గూడ నా పక్కనే ఏస్తరు. నీ పక్కన కూసొని తినుడు ఇగ నాతోని కాదు డానీ. గందుకే చెప్పలే."

నేను నిలబడే ఉన్నాను. లోపలి నుంచి వచ్చిన ఆగమ్మకు డబ్బా అందించాను.

"వదినా, డబ్బ..."

ఆమె మూత తీసి చూసింది. లోపలికి పోయింది. రెండు నిమిషాలకు చక్కెరనంతా ఒక కవరులో పోసి, మూతి ముడేసి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఉత్త డబ్బ ఇయ్యొద్దనేది అయినోళ్ల నడుమల సారూ. మీరు తీస్కపోండ్రి," అంది.

మాఫీ ఖాయమైంది. శిక్ష పడ్డ రోజు కోర్టుకు నేను పోలేదు, రాజన్నకు నాలుగేళ్లని టీవీలో చూశాను. ఆగమ్మ ఇచ్చిన కవరు ముడి విప్పలేదు, వంటింట్లో మేకుకు వేలాడుతోంది. వేరే చక్కెర కొనడానికీ మనసు రాలేదు. పొద్దునా సాయంత్రం చాయ్ చప్పగానే తాగుతున్నాను.