గేటు బయట అన్నయ్య

మా అన్నయ్య హార్మెన్ దృష్టిలో లోకంలో ఏదీ ఊరికే జరగదు. వెన్న ధర పెరిగినా, మంత్రి రాజీనామా చేసినా, దాని వెనక ఎవరో పెద్దమనుషులు తలుపులు మూసుకుని తేల్చిన వ్యవహారం ఉండి తీరాలి. "ముందు ఎవరికి లాభమో అడగవే రూలీ, దొంగ తనంతట తనే దొరుకుతాడు" అనేవాడు. అప్పట్లో విని నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ మాటంటే చెవి కోసుకుంటాను.

మా నాన్న నెదర్లాండ్స్‌లోని అపెల్‌డోర్న్‌లో బడిపంతులు. పొద్దున వచ్చే పేపరు ఆయనకి వేదవాక్కు. ఒక ఏడు అమ్మ పుట్టినరోజున అందరిళ్లలో లాగే మేమూ కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఒకరికొకరు అభినందనలు చెప్పుకుని, కాఫీ పోసుకుని కూర్చున్నాం. బిస్కెట్ల డబ్బా ఒకసారి అందరి ముందుకీ వస్తుంది, తలా ఒకటి తీసుకుంటాం, మూత పడుతుంది. మా వైపు అది మర్యాదే, పిసినారితనం అని ఎవరూ అనుకోరు.

ఆ ఏడు అన్నయ్య నోరు ఊరుకోలేదు. "నువ్వు చదివే పేపర్లో ఏం రాయాలో పైనున్న నలుగురు చెప్తారు నాన్నా. నువ్వు దాన్నే మళ్లీ పిల్లలకి చెప్తున్నావు" అన్నాడు. డబ్బా నాన్న చేతిలో ఉంది. అత్తయ్య తీసుకుంది, నేను తీసుకున్నాను. అన్నయ్య చెయ్యి చాచేసరికి నాన్న మూత పెట్టేశాడు.

 అన్నయ్య కప్పు కింద పెట్టి, కోటు తొడుక్కుని, ఎక్కడో ఉత్తరాన ఉన్న గ్రోనింగెన్ వెళ్లిపోయాడు. బిస్కెట్ కోసం కాదే అని తర్వాత నాతో చాలాసార్లు అన్నాడు. బిస్కెట్ కోసమే. వాడి సంగతి నాకు తెలియదా.

నేను అప్పటికే అడవి అంచున ఉన్న పెద్ద హోటల్లో వడ్డన పనికి కుదిరాను. ఒక వసంతంలో హోటల్ మొత్తం ఒకే బృందం తీసుకుంది. బ్యాంకుల వాళ్లు, మంత్రులు, పేపర్ల యజమానులు తెరలు దించిన కార్లలో వచ్చారు. విలేకరులను గేటు దగ్గరే ఆపేశారు. ఇక్కడ విన్నది ఇక్కడే మర్చిపోవాలని మా మేనేజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి చెప్పాడు. మర్నాడు పొద్దున చూస్తే గేటు బయట ఒక మనిషి, మెడలో అట్టముక్క వేలాడదీసుకుని నిలబడ్డాడు. 'లోపల ఏం మాట్లాడుకుంటున్నారు?' అని రాసుంది దానిమీద. మా అన్నయ్యే. 

విరామం దొరకగానే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని పరిగెత్తాను.

"ఎవరెవరున్నారే లోపల?" అన్నాడు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"చెప్పకూడదన్నయ్యా. ఉద్యోగం ఊడుతుంది."

"పోనీ ఏం మాట్లాడుకుంటున్నారో అదన్నా చెప్పు."

"పక్కగది ఆయన గురకకి నిద్ర పట్టలేదని ఒకాయన గొడవ. బఠాణీ సూపులో ఉప్పు తగ్గిందని ఇంకొకాయన."

అన్నయ్య ఆలోచనలో పడ్డాడు. "సూపు అన్నాడా? ఎవరి వంక చూసి అన్నాడు?"

"నా వంకే. గిన్నె నా చేతిలో ఉంది మరి."

"చూశావా, నీమీద అనుమానం వచ్చింది వాళ్లకి."

నవ్వాను గానీ, ఒక మాట ఒప్పుకోవాలి. నేను కాఫీ కూజాతో లోపలికి వెళ్లగానే మాటలు ఆగిపోయేవి, అందరూ నన్ను చూసి చిరునవ్వు నవ్వేవారు. ఆ నవ్వులు నాకూ నచ్చేవి కావు.

ఆ బృందం ఏటా వసంతంలో అక్కడికే వచ్చేది. వాళ్లతోపాటే అన్నయ్యా వచ్చేవాడు. గేటు పక్కనున్న బల్లమీద కూర్చుని కాఫీ తాగేవాళ్లం. లోకాన్ని ఎవరు నడుపుతున్నారో చెప్పి చెప్పి, చివర్లో ఎటో చూస్తూ "అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయే?" అనేవాడు. ఇంటికి రా అన్నయ్యా అంటే, "ఆయన డబ్బా తెరవనీ, వస్తాను" అనేవాడు. నాన్న తెరవకుండానే పోయాడు. తర్వాత అమ్మా పోయింది. మా ఇంట్లో ఇక మిగిలింది మేమిద్దరమే.

ఆ బృందం వేరే దేశం వెళ్లిపోయింది. హోటల్ మూతపడింది. వసంతం వచ్చింది గానీ అన్నయ్య రాలేదు. ఫోన్ చేస్తే, "ఎందుకు రావాలే? వాళ్లే లేరుగా" అన్నాడు. ఊరికే చెల్లెల్ని చూసిపోదామని రైలెక్కే రకం కాదు వాడు. ఊరికే రమ్మని బతిమాలే రకం నేనూ కాదు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఇలా వదిలేస్తే వాణ్ణి మళ్లీ చూసేది శవపేటికలోనే అనిపించింది.

వారం తర్వాత మళ్లీ ఫోన్ చేశాను. "అన్నయ్యా, హోటల్ ముందు తెరలున్న కార్లు ఆగాయట. ఊళ్లో అనుకుంటున్నారు."

"ఎవరు?"

"బేకరీలో."

బేకరీలో ఆ మాట మొదట అన్నది నేనే అనుకోండి. కానీ నాలుగు రోజులు తిరక్కుండా బేకరీ ఆవిడే నన్ను పక్కకి పిలిచి, ఆ కార్లు నల్లవని, ఒకదాంట్లో ఆర్థికమంత్రి ఉన్నాడని గుసగుసగా చెప్పింది. జనాన్ని నమ్మించడం ఇంత తేలికని నాకు అప్పటిదాకా తెలియదు.

అన్నయ్య వచ్చాడు. చేతికి కర్ర వచ్చింది, చంకలో అదే అట్టముక్క. గేటుకి గొలుసు, కిటికీలనిండా అల్లుకున్న తీగలు. చాలాసేపు చూశాడు. నేను కాఫీ పోశాను.

"ఎవరూ లేరే."

"వచ్చి వెళ్లిపోయారేమో."

"దారిలో గడ్డి నలగలేదు. కార్లొస్తే నలగదా?" కర్రతో గడ్డిని కెలికాడు. "ఈ పుకారు దానంతటది పుట్టలేదు రూలీ. ఎవరో కావాలని పుట్టించారు. నన్నిక్కడికి రప్పించడానికి."

"అయ్యుండొచ్చు."

"ఎవరికి లాభం?"

 "నాకు" అన్నాను.

 బల్ల తడిగా ఉంది. అన్నయ్య అట్టముక్కని దానిమీద పరిచి, కూర్చోమన్నట్టు తట్టాడు. పక్కన కూర్చుని డబ్బా తెరిచాను. ఒకటి తీసుకున్నాడు. అలవాటుకొద్దీ నా చెయ్యి మూత మీదికి పోయింది. ఆ మూతని తీసి గేటు అవతలికి విసిరేశాను.

"ఇంకోటి తీసుకో అన్నయ్యా."

తీసుకున్నాడు. నెమ్మదిగా నమిలి, కోటు మీద పొడి దులుపుకుని, "వచ్చే ఏడు కూడా వస్తారంటావా వాళ్లు?" అన్నాడు.

"వస్తారు. బేకరీలో అప్పుడే అనుకుంటున్నారు" అన్నాను.