మగాళ్ల వైపు మామ్మ

ఎక్కడా రాసిపెట్టి లేకపోయినా అందరూ పాటించే కట్టుబాటు ఒకటి తెంచి చూడండి, చుట్టూ జనం ఏం చేస్తారో గమనించి రాయండి అన్నారు మా సోషియాలజీ మాస్టారు ధనుంజయ్ గారు. టెక్కలి డిగ్రీ కాలేజీలో మా క్లాసంతా ఎగిరి గంతేసింది. ఎవరినీ బాధపెట్టకూడదని ఆయన పెట్టిన షరతు ఎవరి చెవికీ ఎక్కలేదు. ఉమామహేష్ ఆ సాయంత్రమే భావనపాడు వెళ్లి, చేపలమ్మే ఆవిడతో చెప్పిన ధరకంటే ఎక్కువిస్తానని బేరమాడాడు. ఆవిడ చేప ఇవ్వలేదు సరికదా, పిల్లాడికి ఒంట్లో బాగోలేదని వాళ్లమ్మకి ఫోన్ చేయించింది.

నాకు మాత్రం మా తాత గుర్తొచ్చాడు.

మా తాత సత్యానందం నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసి ముసలివాడైన మనిషి. ఆదివారం చర్చి గుళ్లో ఆయన పాట ఎత్తుకుంటే పైకప్పు మీది పావురాలు లేచిపోయేవి. అలాంటివాడు కొన్నాళ్లుగా పాటల పుస్తకం తెరిచి పెదాలు మాత్రం కదుపుతున్నాడు. కళ్లలో శుక్లాలు. ఆపరేషనంటే హడలు. అక్షరాలు కనపడటం లేదని నలుగురికీ తెలిస్తే నామోషీ. చివరికి ఇక గుడికే రానని మొండికేశాడు. ఆ రోజు మామ్మ అన్నం ముట్టలేదు.

మా మామ్మ మగ్దలీనకి పాటలన్నీ నోటికొచ్చు. పక్కన కూర్చుని ఒక్కో చరణం ముందుగా అందిస్తే చాలు, తాత పాడేస్తాడు. కానీ మా గుళ్లో ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు. పోలీసులు పెట్టిన రూలైతే తప్పించుకునే దారి వెతుకుతాం. ఎవరు పెట్టారో తెలియనిదానికి మాత్రం కిక్కురుమనకుండా తలొగ్గుతాం.

"మామ్మా, ఈ ఆదివారం తాత పక్కన కూకో. నా సదువు కోసం," అన్నాను.

"ఓలమ్మ లిల్లీ! సిగ్గు నేదేటే గుంటా? ఊరంతా ఏటనుకుంతాది?"

"అదే నాను రాయాల."

చదువు పేరెత్తేసరికి మెత్తబడింది. తాతకీ అదే మాట చెప్పి, బతిమాలి లాక్కొచ్చాం.

కుడివైపు రెండో బల్ల మీద మామ్మ కూర్చోగానే గుడంతా తలలు తిప్పింది. గొడవైపోతుందనుకున్నాను. ఒక్కరూ తిట్టలేదు. నా పక్కనున్న హెలెన్ ఆంటీ, "మావకి ఒంట్లో బాగోనేదేమో," అని కళ్లు తుడుచుకుంది. వెనకావిడ, "కాదు, పెళ్లిరోజై ఉంటాది," అంది. గుసగుస ముందు బల్లకి చేరేసరికి పెళ్లిరోజు ఖాయమైపోయింది. వింత కనపడితే మనిషి ముందు దానికో కారణం అల్లుకుంటాడని మాస్టారు చెప్పింది నిజమే. పాస్టరుగారు నవ్వుతూ ఇద్దరినీ లేచి నిలబడమన్నారు, దీవించడానికి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. గుళ్లో మామ్మ అబద్ధమాడదు.

"పెళ్లిరోజు కాదండి బాబూ," అంది. "ఈయనకి అచ్చరాలు కనపడ్డం నేదు. నాకు పాటలు నోటికొచ్చు. సెవిలో సెప్దామని కూకున్నాను."

తాత తల దించుకున్నాడు. ఎంత పని చేశానని నాకు ఏడుపొచ్చింది.

అంతలో అదే బల్ల చివర కూర్చున్న ఏసుబాబు తాత, మామ్మకి సొంత తమ్ముడు, చెయ్యెత్తాడు.

"అప్పా, కొంచెం గట్టిగా సెప్పు. నాకూ కనపడ్డం నేదు."

తాత తలెత్తాడు. "ఓరి, నీకూనా? మరిన్నాళ్లూ ఎలగ పాడినావు?"

"నీ నోరు సూసి నా నోరు ఆడించినాను బావా."

"నాను నీ నోరు సూసి కదరా ఆడించినాను!"

గుడంతా పగలబడి నవ్వింది. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముసలాళ్లు ఒక్కొక్కరే పుస్తకాలు మూసి మామ్మ చుట్టూ చేరారు. తన ఒక్కడికే కనపడటం లేదనుకుని ప్రతివాడూ పక్కవాడి దగ్గర దాచుకున్నాడు, పాపం. మామ్మ చరణం అందించింది, తాత ఎత్తుకున్నాడు. ఎన్నాళ్లకో ఆ గొంతు విని నాకు ఒళ్లు పులకరించింది. వాళ్ల జోరులో ఆడవాళ్ల పాట ఎవరికీ వినపడలేదు.

పాటయ్యాక మామ్మ కొంగు సర్దుకుని మా వైపు రావడానికి లేచింది. అందరూ చూస్తుండగానే తాత ఆ కొంగు పట్టుకున్నాడు.

"కూకో మగ్దలీనా. ఇంకో పాటుంది."

నలుగురిలో ఆయన మామ్మని పేరు పెట్టి పిలవగా వినడం నాకదే మొదటిసారి. మామ్మ సిగ్గుపడుతూనే, ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.