ఫొటో కింద మాట

బందరులో పేపరు డెస్కు వాళ్లకు ప్రతి వార్తకూ ఒక బాక్సు కావాలి. ఫొటో, పేరు, ఊరు, కింద నాలుగు ముక్కలు. నాగాయలంక విలేకరి దుర్గాశ్రీనివాస్ అందులో చెయ్యి తిరిగినవాడు. ఫొటో ఒకరిదీ మాట ఇంకొకరిదీ అయినా అతని రాతలో అతుకు కనపడదు.

రొయ్యల చెరువుల మురుగునీళ్లు కాలువలోకి వదులుతున్నారని వార్త రాస్తూ, రేవులో చేపలు కొని ఊళ్లలో అమ్ముకునే పెద్దింట్లమ్మను ఫొటో తీశాడు. "బుట్ట కూడా పడాలి బాబూ" అని నవ్వింది. ఆమె అన్నది అంతే. మిగతాది టీకొట్టు దగ్గర నాంచారయ్య ఇచ్చాడు.

"కులపెద్ద చెరువులోళ్లకి అమ్ముడుపోయాడని పెద్దింట్లమ్మ అంటుందంటండీ."

బాక్సులో అంత చోటెక్కడిది? నాంచారయ్య ఎగిరిపోయాడు, "అంటుందంట" కూడా ఎగిరిపోయింది. "మా కులపెద్ద సత్తయ్య చెరువుల వాళ్లకు అమ్ముడుపోయాడు" అని ఆమె నవ్వుమొహం కింద అచ్చయింది.

ఊరివాళ్లు కూర్చుని, రేవులో చేపల వేలంపాటకు ఆమెను రానివ్వొద్దన్నారు. పాటలో సరుకు దొరక్కపోతే ఆమె పొయ్యి వెలగదు. సంగతి తెలిసి విలేకరిగారు జ్వరమని ముసుగుతన్ని పడుకున్నారు. జ్వరమైతే రాలేదు గానీ సిగ్గు మాత్రం ఒళ్లంతా కాల్చింది. చివరికి లేచి రేవుకు వెళ్లాడు.

పెద్దింట్లమ్మ పేపరు ముక్క చేతికిచ్చింది. "మొహం నాదే బాబూ. మాట నాదెట్టా అయింది?"

సత్తయ్యా, నాంచారయ్యా, రేవులో అందరూ చూస్తున్నారు.

"మీరనలేదమ్మా. అన్నారని నాంచారయ్య చెబితే, మిమ్మల్ని అడక్కుండా రాసేశాను. తప్పు నాదే."

"నేను మాత్రం విన్నానా ఏంటండీ? ఎవరో అనుకుంటుంటే..." అని నాంచారయ్య నసిగాడు.

"రేపు పాటకి రామ్మా" అన్నాడు సత్తయ్య పెద్దింట్లమ్మతో. విలేకరి వైపు తల తిప్పను కూడా లేదు. నాలుగు తిట్టినా బాగుండేదని దుర్గాశ్రీనివాస్‌కు అనిపించింది.

అక్కడే ఫోను తీశాడు. "సవరణ వేయిస్తానమ్మా. ఈసారి మీకు వినిపించాకే పంపుతాను." గబగబా టైపు చేసి, గట్టిగా చదివాడు. "'ఆ మాట నేను అనలేదు' అంటూ పెద్దింట్లమ్మ కన్నీటి పర్యంతమయ్యారు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. కళ్లు పొడిగానే ఉన్నాయి.

"నేనెప్పుడేడ్చాను బాబూ?"

దుర్గాశ్రీనివాస్ తలెత్తలేక, ఫోను చూసుకుంటూ ఆ ముక్క చెరిపాడు.