ఎండిన ముసలయ్య ఆకు

నవంబరు 21, గురువారం సాయంత్రం 5:10. ఆస్ట్రేలియాలో ముర్రే నది ఒడ్డున, బెరిల్ ఇంటి వంటగదిలో, ఆమె మనవరాలు కియార్నాకు ఊపిరి అందడం ఆగిపోయింది. కియార్నాకు ఇరవై రెండేళ్లు.

రై గడ్డి పూతకొచ్చి, దాని పుప్పొడి గాలిలో ఎగరడం మొదలై అప్పటికి మూడు వారాలు. ఏటా ఈ నెలలో కియార్నా కళ్లు వాస్తాయి, ముక్కు కారుతుంది. ఏటా బెరిల్ నది ఒడ్డున ముసలయ్య అనే మందుమొక్క కోసుకొచ్చి, పచ్చిదే మరిగించి, ఆ నీళ్లతో ముఖం కడిగిస్తుంది, ఆవిరి పట్టిస్తుంది. వరద తీశాక మిగిలిన బురదలోనే ఆ మొక్క మొలుస్తుంది. ఈ ఏడు వరద రాలేదు. బెరిల్ మూడు రోజులు ఒడ్డు వెంట వెతికి ఉత్తచేతులతో వచ్చింది.

గురువారం మధ్యాహ్నం గాలి పుప్పొడి మోసుకుంటూ ఉత్తరం నుంచి వీచసాగింది. పడమట మబ్బు పట్టింది. కియార్నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆమె ఇన్‌హేలర్‌లో మందు అయిపోయింది. మందుల షాపు ముప్పై కిలోమీటర్లు.

"కారెప్పుడొస్తుంది నానమ్మా?"

"మీ బాబాయి ఆరింటికన్నాడు. అందాకా దీని ఆవిరి పడదాం."

బెరిల్ చేతిలో నిరుటి ముసలయ్య ఆకు కట్ట ఉంది. కొవ్వులో కలిపి పుండ్లకు రాయడానికి షెడ్డులో ఎండబెట్టింది.

"ఎండిందా? దాన్ని గడప దాటనివ్వవుగా నువ్వు. పొడి లేస్తే తుమ్మి చస్తామని నన్నే తిట్టావు."

"తిట్టాను. పచ్చిది ఎక్కడుందో చూపించు, వెళ్లి తెస్తా."

"నాకు కళ్లే తెరుచుకోవట్లేదు, నేను చూపించాలా!"

ఇద్దరూ నవ్వారు. కియార్నా నవ్వు దగ్గులోకి తిరిగింది.

ఎండిన ఆకును బయట మెట్టు మీదే పూట సేపు నీళ్లలో నానబెట్టాలి. బెరిల్‌కు ఆ సంగతి తెలుసు. పూట సేపు ఆగే ఓపిక లేకపోయింది. కియార్నా తువ్వాలు కప్పుకుని వేడినీళ్ల గిన్నె మీద వంగి ఉంది. బెరిల్ తువ్వాలు అంచు ఎత్తి, ఆకును గిన్నెపైనే చేత్తో నలిపింది. పొడి లేచింది. కియార్నా వరసగా ఏడెనిమిది తుమ్ములు తుమ్మింది. తర్వాత గాలి లోపలికి పోలేదు. పెదాలు నీలం తిరిగాయి.

5:13కి బెరిల్ అంబులెన్సుకు ఫోన్ చేసింది. నలభై నిమిషాలన్నారు. ఆమె పక్కింటి కంచె దగ్గరికి పరుగెత్తింది. క్లైవ్‌కు కూడా ఉబ్బసం. అతను మొక్కలకు నీళ్లు పడుతున్నాడు.

"క్లైవ్! నీ ఇన్‌హేలర్ పట్రా!"

"ఏంటక్కా, ఇంగ్లీషు మందులతో పన్లేదన్నావుగా?"

"పిల్ల పోతోందిరా!"

అతను పైపు వదిలేసి కంచె దూకాడు. ఇన్‌హేలర్ కియార్నా నోట్లో పెట్టి నొక్కాడు.

"పీల్చు తల్లీ. ఇంకోటి. ఈ ముసలోడి ఎంగిలి నీకు అసహ్యమని తెలుసులే, ఇవాళ్టికి ఓర్చుకో."

నాలుగు సార్లు నొక్కి ఆగాడు. నాలుగు నిమిషాలయ్యాక మళ్లీ నాలుగు.

"నేనే చేశాన్రా," అంది బెరిల్. "నా చేత్తో నేనే."

"తర్వాత ఏడుద్దువుగాని. గడియారం చూడు. మళ్లీ నొక్కి ఎన్ని నిమిషాలైంది?"

"మూడు."

"సరిగ్గా చూడు."

"మూడేరా!"

5:54కి అంబులెన్సు వచ్చింది. ఏం పీల్చిందని అడిగారు. బెరిల్ కట్ట చూపించింది. వాళ్లు దాన్ని సంచిలో వేసుకున్నారు. బెరిల్ కూడా అంబులెన్సులో వెంట వెళ్లింది.

7:40కి ఆసుపత్రిలో కియార్నా రక్తంలో ఆక్సిజన్ తొంభై మూడు శాతానికి చేరింది. మాస్కు ఇంకా తీయలేదు.