గిర్నీలో మా వంతు

పిండి గిర్నీలో మా వంతు పోయింది ఒక ఆదివారం పొద్దున.

అంతకుముందు పదహారేళ్లపాటు నా భార్య భాగ్యలక్ష్మి నెలకొకసారి పది కిలోల జొన్నలు పట్టించేది. ఆమె డబ్బా కనబడితే బాలమల్లు గిర్నీలో మిగతా సంచులు పక్కకు జరిగేవి. ఆమె పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఇంట్లో అమ్మ, నేను. అమ్మకు షుగర్. జొన్నరొట్టె తినమని డాక్టరు చెప్పాడు. నేను పూటకు రెండు రొట్టెలకు మించి చేయలేను. పిండి నిలవ ఉండి పురుగు పడుతోంది. అందుకని ఈసారి కిలోన్నర జొన్నలే గుడ్డ సంచిలో పోసుకొని పోయాను.

బాలమల్లు ఆ సంచిని చిటికెనవేలికి తగిలించుకొని ఊపి చూశాడు.

"ఏంది సార్, శాంపిల్ తెచ్చిన్రా?"

"కాదు. పట్టాలి."

"గిన్ని పోస్తే మిషన్ రాళ్లకే సాలవు. ఇగ కింద పడేదేముంటది? జర కూసోండ్రి."

కూర్చున్నాను. నా తర్వాత వచ్చినవాళ్ల గోధుమలు, బియ్యం అయిపోయాయి. ఒక పెళ్లివారి మిరపకాయలూ అయిపోయాయి. మిరపకాయల మిషన్ మోటరు కాలిపోయి, ఆ నెల అన్నీ ఒకే మిషన్లో పడుతున్నాయని నాకు తెలియదు. కారం పట్టాక రాళ్లు శుభ్రపడటానికి ఏదో ఒక గింజ పోయాలట. ఆ గింజ నాదైంది.

సాయంత్రం ఆ పిండితో రొట్టె చేసి, అమ్మా నేనూ చెరో ముక్క నోట్లో పెట్టుకున్నాం. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు ధార కట్టాయి. సరిగ్గా అప్పుడే పక్కింటి స్వరాజ్యం వచ్చింది.

"ఏడ్వుండ్రి సార్, ఏడ్వుండ్రి. నాలుగు నెలల సంది ఒక్క చుక్క రాలలే. గట్ల ఉండొద్దని మా ఆయనతోని అంటనే ఉన్న" అంటూ ఆమె కూడా కూర్చొని ఏడ్చింది.

కారం సంగతి అప్పుడు చెప్పడం మర్యాదగా తోచలేదు. ఆమె వెళ్లాక అమ్మ రెండు గ్లాసుల నీళ్లు తాగింది.

"కొడుకా, రొట్టె చేసినవా, మిర్చి బజ్జి చేసినవా?"

రెండో ముక్క ముట్టలేదు. ఆ తర్వాత రెండు రోజులూ అన్నమే తింది. బుధవారం పొద్దున చూస్తే షుగర్ మూడు వందలు దాటింది.

మళ్లీ కిలోన్నర జొన్నలు పట్టుకొని గిర్నీకి పోయాను. పైన విమానం మోత తగ్గేదాకా ఆగి, చెప్పవలసింది చెప్పాను.

"బాలమల్లూ, నాది చిన్న సంచి. అందరి తర్వాత పట్టినా ఏమీ అనను. కారం వెనక పోస్తున్నానని ఒక్క మాట చెబితే మర్నాడు వచ్చేవాణ్ణి."

"మీరు గూడ అడగలే గద సార్! ముంగట ఏం పట్టినవని మేడమ్ వచ్చినప్పుడల్లా అడుగుతుండె. మీరు గంటసేపు పేపర్ సదువుకుంట కూసున్నరు. మీకు పట్టింపున్నదని నాకేమెర్క?"

అది నిజమే.

"పోనీ, పది కిలోలకయ్యే పైసలు ఇస్తా. నాది వేరుగా పట్టు."

అతని ముఖం ముడుచుకుంది. "పట్టని పిండికి పైసలు తీసుకుంటనా? నన్నేమనుకుంటున్నరు సార్?"

నా వెనక ఎవరో నవ్వారు. సత్తెమ్మ. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన క్యాబ్ డ్రైవర్లకు రొట్టెలు అమ్ముతుంది. ప్రతి గురువారం ఇరవై కిలోల జొన్నలు పట్టిస్తుంది. మర్నాటి వంతు చెప్పిపోవడానికి వచ్చింది.

"నా ఎన్క పోసుకోండ్రి సార్. జొన్నల ఎన్క జొన్నలు. గింత పరేషానెందుకు?" అంటూ నా సంచిలో చెయ్యి పెట్టింది. "గివేం జొన్నలు? పావురాలకు తెచ్చిన్రా? నాయి మంఖాల్ ఊరి జొన్నలు. ముందుగాల రాలే పిడికెడు పిండి నాదే వస్తది మీకు. గదన్న మంచిగ తింటది అవ్వ."

ముగ్గురం ఒప్పందానికి వచ్చాం. నా సంచి గిర్నీలోనే ఉంటుంది. ఆమె రాగానే బాలమల్లు నాకు ఫోన్ చేయాలి. ముందు ఏం పట్టాడో దాచకుండా చెప్పాలి. నేను వెంటనే వచ్చి, ఆమె సంచుల మూతులు పట్టుకోవాలి, తొందరపెట్టకూడదు.

గురువారం మధ్యాహ్నం మా బడి స్టాఫ్‌రూమ్‌లో ఫోన్ మోగింది. చేతులకు చాక్‌పీసు పొడి ఉండటంతో స్పీకర్ నొక్కాను.

"సార్, సత్తెమ్మ వచ్చింది. మీ కోసమే కూసున్నది. జల్ది రాండ్రి!"

హెడ్‌మిస్ట్రెస్ పూర్ణిమ గారు కళ్లజోడు సర్దుకున్నారు. సైన్స్ టీచరు వీరేందర్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"పిండి కోసం" అన్నాను.

ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. "ఇంక పది నిమిషాలే ఉంటదట సార్!"

"వెళ్లి రండి మాస్టారూ" అన్నారు పూర్ణిమ గారు చాలా మెల్లగా. "మీ క్లాసు నేను చూసుకుంటాను. ఇలాంటివాటికి మేమెవరం అడ్డు చెప్పం."

సంచుల మూతులు పట్టుకొని, మోచేతుల దాకా తెల్లబడి ఇంటికి చేరాను. పిండిలో కారం లేదు. అమ్మ ఆ సాయంత్రం రొట్టె ముక్కలు రెండు, మర్నాడు మూడు తింది. ఆదివారానికి షుగర్ దిగింది.

రొట్టెను విరగకుండా పెనం మీద వేయడం నాకు ఇంకా రాలేదు.