ఒంటికన్ను జాకీ

అరవై దాటాక నోరీన్‌కి రెండో పెళ్ళయింది. ఒహాయోలో వెండెల్ ఇంటికి కాపురానికి వచ్చి నెల తిరిగింది. పెళ్ళికి మొహం చాటేసిన అతని కూతురు ట్రూడీ, ఆ శనివారం పొద్దున మొదటిసారి వచ్చింది. ఈ పిల్ల తన చేతి వంట తింటే చాలు, ఈ ఇల్లు తనదైనట్టే అనుకుంది నోరీన్.

"దానికి పిట్టగూడంటే ప్రాణం. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ చేసిపెట్టేది" అని వెండెల్ ముందురోజే నూరిపోశాడు. తీరా సమయానికి, మగవాళ్ళ తీరే అంత, కారు చూసుకునే వంకతో షెడ్డులోకి జారుకున్నాడు.

పిట్టగూడంటే బ్రహ్మవిద్యేం కాదు. రొట్టె ముక్క నడుమ గుండ్రంగా కోసి, వెన్న రాసి పెనం మీద వేసి, ఆ చిల్లులో గుడ్డు కొట్టి పోయడమే. నోరీన్ వెస్ట్ వర్జీనియా కొండల్లో చిన్నప్పటి నుంచీ తిన్నదే. అక్కడ పేరే వేరు. అయినా ఈ ఇంట్లో ఈ ఇంటి మాటే అనాలని, నోరు తిరగకపోయినా, "నీ పిట్టగూడు వేడిగా ఉంది, తినమ్మా" అంది.

ట్రూడీ మొహం మాడిపోయింది. ఫోర్కు కింద పెట్టేసింది.

"ఆ మాట మీకెవరు చెప్పారు? నాన్నేనా?"

"ఆయనే. నీకిష్టమని..."

"అది మా అమ్మ మాటండీ. ఇంకొకళ్ళ నోట వింటే ఎలాగో ఉంది. మీ వైపు దీన్ని ఏమంటారు?"

"ఒంటికన్ను జాకీ" అంది నోరీన్ బిక్కమొహంతో. "పేకలో పక్కకి తిరిగి, ఒక కన్నే కనబడుతూ ఉంటాడే, వాడు."

ట్రూడీకి నవ్వాగలేదు. "జాకీయా! మా అత్తగారింట్లో ఏమంటారో తెలుసా? గుంతలో కప్ప! పెళ్ళైన కొత్తలో ఈ పేరు మీద మా ఆయనతో ఎంత పోట్లాడానో. ఇప్పుడు నా పిల్లలూ కప్పే అంటారు."

"ఛీ, కప్పంటే నోట్లోకెలా పోతుందే తల్లీ?"

"పోతుంది లెండి. రానురానూ నేనూ అదే అంటున్నా."

ట్రూడీ పచ్చసొన చిదిపి, రొట్టె అద్దుకుని తినడం మొదలుపెట్టింది. "మిరియాలు బాగా దట్టించారే. అమ్మ వేసేది కాదు."

"తగ్గించి ఇంకోటి చెయ్యనా?"

"వద్దొద్దు. బాగుంది."

చేతులు తుడుచుకుంటూ వెండెల్ తొంగిచూశాడు. పళ్ళెం ఖాళీగా కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య! ఏమ్మా, పిట్టగూడు నచ్చిందా?"

"పిట్టగూడు అమ్మ చేసేది నాన్నా" అంది ట్రూడీ. "ఇది నోరీన్ చేసిన ఒంటికన్ను జాకీ. నాకింకోటి కావాలి. నీకూ కావాలంటే సరిగ్గా పేరు పెట్టి అడుగు."

నోరీన్ రొట్టె కోయడానికి లేచింది. ఇది తన వంటిల్లేనని ఆమెకి మొదటిసారి అనిపించింది.