ఆరిళ్లకు ఒకే ఫ్లాస్కు

నేను ఒక సెల్‌ఫోన్‌ను. కాకినాడలో ఒక దుకాణం అద్దాల బీరువాలో కూర్చున్నప్పుడు నాకెంత పొగరో! అమ్మేవాడు నా కెమెరాను పొగుడుతుంటే నేనూ నమ్మేశాను. నన్ను కొన్నది దొరబాబు, వెల్డింగ్ పనివాడు. ఆ నెలలోనే ఆయనకు విదేశంలో వంతెన పని దొరికింది. నన్ను జేబులో వేసుకుని విమానమెక్కాడు.

ఆ దేశం పేరు చెప్పను. బయటివాళ్లను ఊరికే రానివ్వదు, లోపలి కబురు బయటికి పోనివ్వదు. దొరబాబుకు ఒక పాత మేడలో గది ఇచ్చారు. ఆ మెట్ల చుట్టూ ఆరు కాపురాలు. వాళ్లందరి మీదా ఒక పెద్దమనిషి. ఎవరు వచ్చారు, ఎవరు నవ్వారు అని చూడటమే ఆయన ఉద్యోగం.

ఒక ఆదివారం పార్కులో పిల్లలు ఆడుకుంటుంటే వీడియో తీశాను. పెద్దమనిషి నా పక్కనే నిలబడి, నవ్వండి, పరుగెత్తండి అని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆ చెయ్యి మాత్రం నా కంటికి అందలేదు. తర్వాత మూడిళ్లవాళ్లు దొరబాబును వేర్వేరు రోజుల్లో టీకి పిలిచారు. అవీ తీశాను. మూడిళ్లలోనూ ఎర్రపూల ఫ్లాస్కే, సగం విరిగిన పిడితో.

ఆ గుట్టు ఒక సాయంత్రం తెలిసింది. పై అంతస్తు ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని మెట్లు దిగుతూ దొరబాబు చేతిలో ఉన్న నన్ను చూసి నవ్వింది. ‘‘ఆరిళ్లకూ ఇదొక్కటే. ఎవరింటికి చుట్టం వస్తే వాళ్లింటికి వెళుతుంది. పెద్దమనిషికి చెప్పకండి, ఇంటికొకటి ఉందని ఆయన పైవాళ్లకు చెప్పేశాడు,’’ అంది. అప్పటికి దొరబాబుకు వాళ్ల భాష కాస్త పట్టుబడింది. నేను ఆ మాటలన్నీ వీడియోలో పట్టేశాను.

తిరుగు ప్రయాణంలో అక్కడి విమానాశ్రయం అధికారి నన్ను అరగంట గాలించాడు. మెట్ల మీది ఆ వీడియో ముక్క దొరబాబు మేనకోడలి పెళ్లి వీడియోల మధ్య దాక్కుంది. పాపం, భోజనాల దాకా చూసి ఆవలించి నన్ను ఇచ్చేశాడు.

మెట్ల మీది ముక్క తప్ప మిగతావన్నీ దొరబాబు నలుగురూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాడు. అంతే, తిట్ల వాన! ఆ దేశానికి అమ్ముడుపోయి, అక్కడంతా బాగుందని అబద్ధాలు చూపిస్తున్నాడన్నారు. టీకొట్టు దగ్గరైతే, ‘‘ఏం దొరబాబూ, ఇంకో సినిమా ఎప్పుడు?’’ అని ఒకటే ఎకసెక్కాలు. తను వేసిన అతుకు ఊడిందన్న మాట ముప్పై ఏళ్లలో పడనివాడు, ఆ మాటకు అన్నం మానేశాడు.

చివరికి హైదరాబాదులో ఒక పత్రికాఫీసుకు వెళ్లాడు. వీడియోలు నిజమో కాదో తేల్చే పని అక్కడ హైమవతిది. ఆవిడ నీడలు కొలిచింది, గాలికి ఆకులు కదిలే తీరు చూసింది. పార్కు వీడియో అసలైనదంది. టీ వీడియోలు కట్టుకథంది.

‘‘ఒకే ఫ్లాస్కు మూడిళ్లలో ఎలా ఉంటుందండీ? సామాను తెచ్చిపెట్టి తీశారు.’’

‘‘అయ్యో, తిరగబడిపోయిందమ్మా! పెట్టించి తీసింది పార్కుదండి. టీలే నిజం. మన ఇళ్లల్లో పెళ్లిచూపులొస్తే పక్కింటి కప్పులు తెచ్చుకోమాండీ?’’

హైమవతి చెయ్యి ఆగింది. ‘‘మా అమ్మా తెచ్చేదండి. కానీ నేను రాయాలంటే రుజువు కావాలి. ఒక్కటి చూపించండి, మీ పేరు నేను నిలబెడతాను.’’

దొరబాబు నన్ను బయటికి తీశాడు. వేలు ఆ ముక్క మీదికి వచ్చింది. నొక్కవయ్యా బాబూ, నొక్కు అని నాలో నేనే అరిచాను.

‘‘మనిషి మొహం చెరిపేసి చూపించొచ్చాండీ?’’

‘‘చెరపొచ్చు. గొంతు, మెట్లు మాత్రం ఉండాలి. అవి కూడా తీసేస్తే ఇక రుజువేముంటుంది?’’

మెట్లు చూస్తే అక్కడి పైవాళ్లకు మేడ తెలుస్తుంది. గొంతు వింటే మనిషి తెలుస్తుంది. దొరబాబు నా మొహం చొక్కాకు తుడిచి నన్ను జేబులో పెట్టుకున్నాడు.

‘‘నా దగ్గర ఏం లేదమ్మా.’’

బస్టాండులో కూర్చుని ఆ ముక్కను మూడుసార్లు చూశాడు. మూడోసారి ఆమె నవ్వగానే తనూ నవ్వాడు. తర్వాత చెరిపేశాడు. టీ వీడియోలు కల్పితమని మర్నాడు పత్రికలో వచ్చింది. టీకొట్టు ఎకసెక్కాలు ఇప్పటికీ ఆగలేదట. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆయన మీద కోపం మాత్రం రాలేదు.

ఇప్పుడు నా అద్దం పగిలి, ఒక రిపేరు కొట్లో పాత ఫోన్ల డబ్బాలో ఉన్నాను. మొన్న మెకానిక్ నన్ను వెలిగించి చూసి, ‘‘ఇందులో ఏం లేదెహె,’’ అని పడేశాడు.

నిజమే, ఏమీ లేదు. నాలో ఏమీ లేదు కాబట్టే అక్కడ ఒకావిడ ఈ సాయంత్రం కూడా ఫ్లాస్కు పట్టుకుని మెట్లు దిగుతూ ఉంటుంది.